పత్యం మీద పరుగు

ప్రాణహిత వంతెన మీద పరుగెత్తుతుండగా ఒక ఉదయం నా కుడి గజ్జలో ఏదో తేడాగా అనిపించింది. కండరం పట్టేస్తే నాకు తెలుస్తుంది, కాలేజీ రోజుల నుంచి పరుగెత్తుతున్నదాన్ని. ఇది అది కాదు. కాలు మోపిన ప్రతిసారీ లోపల, చాలా లోపల, పుచ్చిన పన్నులా సలిపింది. నడిస్తే తగ్గింది. మళ్లీ పరుగందుకుంటే వచ్చింది. వంతెన చివర మోటర్‌సైకిల్ మీద కూర్చున్న మా కోచ్ సార్‌కు నొప్పి సంగతి చెప్పాను.

"దర్ద్ అంటే ఏంది చెల్లె? ఒంట్ల ఉన్న కమ్జోరి, నీరసం బయటికి పోవుడు. పోనియ్యి" అన్నాడు.

ఆ మాట అనడానికి ఆయన బండి సీటు కూడా దిగలేదు.

ఈ సార్ మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో పోలీసు ఉద్యోగాల భర్తీకి వెళ్లే పిల్లలకు పరుగు నేర్పుతాడు. జిల్లా కేంద్రంలో మారథాన్ ఉందని తెలిసి, ఆడవాళ్ల జట్టు కడతానని బయల్దేరాడు. పాప పుట్టి ఏడాది కూడా నిండని నేను అందులో చేరాను. చేరినందుకు నాకు సిగ్గులేదు. పరుగు నాకు ఇష్టం. సిగ్గుపడాల్సింది ఆయన వాట్సాప్ గ్రూప్. తెల్లారితే చాలు ఒక సింహం బొమ్మ, కింద ఒక గర్జన. సింహం పగలంతా చెట్టు నీడన పడి నిద్రపోతుందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. విశ్రాంతి అన్న మాట ఆ గ్రూప్‌లో ఒక్కసారీ చూడలేదు.

ఇంట్లో ఇంకో గురువు మా అత్తమ్మ. మా వైపు బాలింతకు పత్యం పెడతారు. ఎల్లిపాయ కారం, అన్నం, చారు. పెరుగు తింటే పిల్లకు జలుబు, పప్పు తింటే పిల్లకు కడుపునొప్పి, గుడ్డు వేడి. మామూలుగా కొన్ని నెలలకు వదిలేస్తారు. నేను వదల్లేదు. పాప ఒకసారి తుమ్మితే నిన్న నేనేం తిన్నానో వెతుక్కునే మనిషిని. పాలు మానేదాకా పత్యం ఉంటే నయమని అత్తమ్మ అంటే, నా భయానికి అదే దారి దొరికింది. నాగేపల్లిలో బడి పంతులుగా ఉండి శనివారాలు మాత్రం ఇంటికొచ్చే మా ఆయనకు నా కంచం వైపు చూసే తీరిక లేదు.

అత్తమ్మకూ సార్‌కూ ఒకరంటే ఒకరికి పడదు. "ఎవడు తరుముతుండని ఉరుకుతున్నవే?" అని ఆమె రోజూ అడిగేది. కానీ నా కంచం దగ్గర ఇద్దరూ ఒక్కటయ్యారు. నేను పప్పు, పెరుగు ముట్టనని తెలిసి సార్ గ్రూప్‌లో చప్పట్ల బొమ్మలు పెట్టాడు. "చూడుండ్రి, డైట్ కంట్రోల్ అంటే గిది! వజన్ ఎట్ల దిగింది!" బాలింత పత్యాన్ని మారథాన్ ఆహారమని మెచ్చుకున్న కోచ్ ఈ భూమ్మీద ఇంకొకడు ఉంటాడనుకోను.

నొప్పి పోలేదు. అత్తమ్మ ఇప్పనూనె వేడిచేసి రుద్దింది. కాసేపు హాయిగా ఉండేది, ఆ హాయి మీద ఇంకొంత పరుగెత్తేదాన్ని. చివరికి దవాఖానాకు వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాను. "ఎక్స్‌రే నార్మల్ ఆహే. కొన్ని రోజులు పరుగు ఆపండి. తగ్గకపోతే మళ్లీ రండి" అన్నాడు అక్కడి డాక్టర్. సార్ చెవికి అందులో ఒక్క మాటే వినిపించింది.

"నార్మల్ అన్నడా లేదా? ఇగ పరేషాన్ ఎందుకు? రేపు లాంగ్ రన్."

లాంగ్ రన్ ముగించి ఇంటికొచ్చి, ఏడుస్తున్న పాపను ఉయ్యాలలోంచి ఎత్తుకున్నాను. ఒక్క అడుగు వేశాను. కుడికాలు నాది కానట్టు జారిపోయింది. గోడకు వీపు ఆనించి, పాపను గుండెకు అదుముకుని అలాగే కిందికి దిగిపోయాను. పాపకు దెబ్బ తగల్లేదు. నేను మాత్రం లేవలేకపోయాను. పాప తల అంతా తడిమి తడిమి చూస్తుంటే అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది.

మా ఆయన వచ్చి మంచిర్యాల తీసుకెళ్లాడు. ఎమ్మారై తీశారు. అక్కడి ఎముకల డాక్టరమ్మ తెర మీద తొడ ఎముక మెడ దగ్గర ఒక తెల్లటి మరక చూపించింది.

"ఫెమోరల్ నెక్ స్ట్రెస్ ఫ్రాక్చర్. ఉరికీ ఉరికీ తొడ బొక్క మెడకు పగులు వచ్చింది. కింది వైపు వచ్చింది, కంప్రెషన్ సైడ్. బొక్క ఇంకా పక్కకు జరగలే. గట్లనే ఉరికితే మాత్రం బొక్క జరుగుతుండె. అప్పుడు ఆపరేషన్, స్క్రూలు. పిల్లను చంకనేసుకునుడు సంగతి తర్వాత, నువ్వు నడుసుడే కష్టమైతుండె."

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. "ఏం తింటవమ్మా?"

చెప్పాను. పత్యం సంగతి, దాన్ని సార్ మెచ్చుకున్న సంగతి రెండూ. ఆమె కలం కింద పెట్టింది.

"పిల్ల పాలు తాగుతుంది కదా. నువ్వు తినకపోతే ఆ కాల్షియం నీ బొక్కలకెల్లి తీస్కుంటది. నీ పిల్ల తింటుంది, నీ కోచ్ తింటుండు. ఇగ నీకేం మిగులుతది?"

రక్తపరీక్షలో విటమిన్ డి, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెర్రిటిన్ రెండూ బాగా తక్కువని వచ్చింది. మందులు రాసింది. క్రచెస్ ఇచ్చింది. కుడికాలు నేల మీద మోపొద్దంది, పిల్లను ఎత్తొద్దంది. పాలు ఇవ్వొచ్చు, కానీ ఎవరైనా తెచ్చి ఒడిలో పెట్టాలి.

ఎత్తుకోవద్దన్న మాట ముందు ఎముక విరిగిందన్న మాట నాకు చిన్నదైపోయింది. పాప అప్పుడప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది. నా దగ్గరికి పాకివచ్చి చేతులు చాపేది. నేను కుర్చీలో నుంచి కదిలేదాన్ని కాదు. కాసేపటికి చేతులు దించి అత్తమ్మ వైపు పాకేది.

ఇంట్లో పెద్ద యుద్ధం పెరుగు గిన్నె మీద జరిగింది.

"నలుగురిని కన్న. పాలిచ్చినన్ని రోజులు పెరుగు ముట్టలే. నా బొక్కలు ఇరిగినయా?" అంది అత్తమ్మ.

"నువ్వు ఉరికినవా అత్తమ్మా?"

"నాకేం పని లేదా?"

"అయితే ఆ గిన్నె ఇటియ్యి."

ఇచ్చింది. ఆ రాత్రంతా పాప ముక్కు దగ్గర చెవి పెట్టి కూర్చున్నాం, ఆమె ఒక పక్క, నేనొక పక్క. జలుబు చేయలేదు. మరుసటి రోజు అత్తమ్మే పప్పు వండింది, ఎవరూ అడగకుండానే.

సార్ పరామర్శకు రాలేదు. సందేశం పంపాడు, పడి లేచే కెరటం గురించి. కెరటానికి ఎముకలుండవు. గ్రూప్‌లోంచి బయటికి వచ్చేశాను.

మధ్యలో ఒక ఎదురుదెబ్బ. నొప్పి పూర్తిగా పోయిందని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు క్రచెస్ గోడకు ఆనించి పాపను ఎత్తుకున్నాను. గజ్జలో పాత సలుపు. మళ్లీ మంచిర్యాల, మళ్లీ ఎమ్మారై. "జరగలే. కానీ అతుకుడు ఎనకకు పోయింది" అని డాక్టరమ్మ క్రచెస్ గడువు పెంచింది. మారథాన్ నేను కుర్చీలో ఉండగానే జరిగిపోయింది. బాధపడతాననుకున్నాను. పాప చేతులు దించుకున్నప్పుడు పడినంత బాధ పడలేదు.

ఎముక అతికిందని డాక్టరమ్మ చెప్పాక ముందు సగం బరువు, తర్వాత నడక, ఫిజియోథెరపీ, చాలా ఆలస్యంగా చిన్న పరుగు. నేను పరుగెత్తడం ఎవరో చూసి చెప్పినట్టున్నారు, సార్ ఇంటికి వచ్చాడు.

"చెల్లె, ఆడోళ్ల సభ పెడుతున్నం. నీ కంబ్యాక్ చెప్పాలె. స్టేజీ మీద శాలువా కప్పుతం."

"పెరుగు తినుమని చెప్త సార్. నొప్పైతే ఆగుమని చెప్త."

"అగో, గది కాదు. జర జోష్ ఉండాలె. హార్ మానలేదని, ఓటమి ఒప్పుకోలేదని చెప్పు."

లోపలి నుంచి అత్తమ్మ గొంతు వచ్చింది. "శాలువాతోని బొక్క అతుకుతదా బాబూ?"

చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆయన సభ బాగా జరిగిందట. ఇంకెవరో జోష్‌గా మాట్లాడారట.

ఇది పాప నిద్రపోయాక రాస్తున్నాను. ఆమె ఊపిరి వినడానికి మధ్యమధ్య ఆగుతున్నాను. ఆ భయానికి మందు దొరకలేదు. ఇప్పుడు వంతెన మీద నెమ్మదిగా పరుగెత్తుతున్నాను, ఒక రోజు పరుగు, ఒక రోజు విశ్రాంతి. ఉత్సాహం ఎలా నిలుపుకోవాలని నన్ను అడిగేవాళ్లున్నారు. నాకు ఉత్సాహం ఏనాడూ తక్కువ కాలేదు. ఎముక విరిగేదాకా పరుగెత్తించింది అదే. పరుగు ముగించి ఇంటికి రాగానే పాప చేతులు చాపుతుంది. వంగి ఎత్తుకుంటాను. కుడికాలు నిలబడుతుంది.

పాలిచ్చే తల్లులకు, దూరం పరుగెత్తేవాళ్లకు ఒక్కటే చెబుతాను. గజ్జలో లోతుగా నొప్పి వస్తే ఆ రోజే పరుగు ఆపండి. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి పోకపోతే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అక్కడ ఎంత దూరం పరుగెత్తారో తర్వాత చెప్పొచ్చు. ఏం తింటున్నారో ముందు చెప్పండి, అడగకపోయినా సరే.