రత్నం బావ తిరగరాయించిన లిస్టు

నిన్న పొద్దున్న అక్క ఫోన్ చేసింది.

"ఒరే, మీ బావ లేపితే లేవడం లేదురా."

అంతే. ఫోన్ పెట్టేసి బయల్దేరాను.

కె.కోటపాడు వెళ్లేసరికి రత్నం బావ మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రలోనే పోయాడన్నారు డాక్టరు. నొప్పి పడ్డట్టు మొహంలో ఏమీ లేదు.

సాయంత్రం సమాధి దగ్గర పాస్టర్ గారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచాను. మళ్లీ కూర్చున్నాను.

ఆ రెండు మాటలూ ఇక్కడ రాస్తున్నాను. మనవాళ్లంతా చూస్తారని.

బావ బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. సర్వీసంతా దాదాపు చోడవరం–వైజాగ్ రూట్లోనే.

పోయిన ఏడాది నా మనవరాలు కీర్తనకి ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీలు కావాలో వరసగా వెబ్ ఆప్షన్లు పెట్టాలి. మావాడికి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. "నువ్వే చూడు నాన్నా" అన్నాడు.

చూశాను. కాగితం మీద లిస్టు రాశాను.

మొదట ఇంటికి దగ్గర కాలేజీ. తర్వాత వైజాగ్ దారిలో సబ్బవరం వైపుది. ఆ తర్వాత పెందుర్తి వైపుది. అలా పోయి పోయి, అన్నిటికన్నా కింద వైజాగ్‌లో యూనివర్సిటీ.

దగ్గర్లో దొరక్కపోతే కదా దూరం వెళ్లడం! నా లెక్క అది. పైన రాసినచోట సీటు వచ్చేస్తే కింద రాసినవి అసలు చూడరని నాకు తెలియదు.

కీర్తనకి తెలుసు. తాత రాశాడని నోరెత్తలేదు.

చోడవరంలో నెట్ సెంటర్‌కి వెళ్లాం. మందులు కొనుక్కోవడానికి వచ్చిన బావ, మమ్మల్ని చూసి లోపలికొచ్చాడు. కాగితం తీసుకుని చదివాడు. పెద్దగా నవ్వాడు.

"ఒరే యోహానూ, ఇది కాలేజీల లిస్టేటిరా? బస్సు స్టేజీలు రాసినట్టు రాసేవు!"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

బావ కీర్తన వైపు తిరిగాడు.

"గుంటా, బయపడకుండా సెప్పు. నువ్వెక్కడ దిగాల?"

"ఆఖరి స్టేజీలో, తాతయ్యా."

"మరి ఇందాకట్నుంచి నోట్లో ఏటెట్టుకున్నావే?"

కింద ఉన్న యూనివర్సిటీని అన్నిటికన్నా పైన పెట్టించాడు. ఆడపిల్లని అంత దూరమా అని నేనేదో అనబోయాను.

"నువ్వూరుకోరా. సదివేది నువ్వా, అదా?"

ఊరుకున్నాను. ఎనిమిది నెలలు ఊరుకున్నాను.

సీటు యూనివర్సిటీలోనే వచ్చింది. హాస్టల్లో చేర్చాం. బావ ఫోన్ చేస్తే మా ఆవిడ చేతికిచ్చేసేవాణ్ణి. నలుగురిలో నవ్వాడని ఒకటి. పిల్లని దూరం చేశాడని ఇంకొకటి.

పోయిన నెల కీర్తన సెలవులకొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి మాటలే. ల్యాబ్ అంది, ప్రాజెక్ట్ అంది, ఎవరో ఫ్రెండ్ గురించి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ పిల్ల అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నా పోలికే, మాటలు తక్కువ అనుకునేవాణ్ణి.

మర్నాడే మాడుగుల హల్వా పట్టుకుని బావ దగ్గరికి వెళ్లాను. డబ్బా బావ చేతిలో పెట్టాను.

"తప్పు నాదే బావా. పిల్లని అడగనేలేదు నేను."

"ఇది సెప్పడానికి ఇన్నాళ్లు పట్టిందేట్రా నీకు?" అంటూ బావ హల్వా డబ్బా విప్పేశాడు. "సుగరని మీ అక్క తిన్నివ్వదు. అది వచ్చేలోగా నువ్వూ ఓ ముక్క లాగించు."

ఇద్దరం దొంగల్లా తిన్నాం.

నిన్న మంచం పక్కన నిలబడితే ఏడుపొచ్చింది. నిజం చెప్తున్నాను, దాంతోపాటే హమ్మయ్య అని కూడా అనిపించింది. ఆ ఒక్క ముక్కా చెప్పకుండా ఇంకో నెల ఊరుకుని ఉంటే, ఇవాళ నా గతేమిటి?

అక్కకి తోడుగా ఈ వారం ఇక్కడే ఉంటానంది కీర్తన. ఎవర్నీ అడగలేదు. తనే చెప్పింది.

సరేనన్నాను.

వెళ్లిరా బావా. ప్రభువు దగ్గర నీకు చల్లని విశ్రాంతి దొరకాలి.