పదివేల ఫోన్లో సంగీత పాఠం

పదివేల ఫోను కొంటే డబ్బుకు తగ్గ పని చేస్తుందా అని ఈమధ్య ఎవరైనా నన్ను అడిగితే ఒళ్ళు మండుతుంది. అడిగేవాళ్ళ తప్పేం లేదు. మా చిక్కడపల్లి సందులో ఇలాంటివన్నీ నన్నే అడుగుతారు, ఎందుకంటే ముప్పై వేలు పోసి ఫోను కొన్నవాళ్ళని మొహం మీదే కడిగేసేది నేనే. నాలుగు మాటలు మాట్లాడుకోవడానికీ, కూరలబండి దగ్గర స్కాన్ చేయడానికీ, గ్యాసు బుక్ చేయడానికీ అంత డబ్బు దేనికి? ఈ మాట మీద ఎంతోమందితో వాదించాను, చాలాసార్లు గెలిచాను. అలా గెలిచిన వాటిలో ఒకటి తలుచుకుంటే మాత్రం నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

నేను సంగీతం చెబుతాను. ముప్పై ఏళ్ళుగా ఇదే ఇల్లు, ఇదే ముందుగది. నేర్చుకునేవాళ్ళలో పిల్లలే ఎక్కువ, పెద్దవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఆ పెద్దవాళ్ళలో ఒకావిడ అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. ఉద్యోగాల పరీక్షలకి చదువుకునే పిల్లలు నలభై మంది ఉంటారు. ఆవిడకి నలభై అయిదేళ్ళు. నిండైన గొంతు. చిన్నప్పుడు ఇంట్లో నేర్పించలేదని, ఇప్పుడైనా నేర్పమని వచ్చి కూర్చుంది. రెండేళ్ళు మా ఇంటికి నడిచి వచ్చింది. తర్వాత వాళ్ళ వంటమనిషి మానేసింది. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు, మధ్యలో నీళ్ళ ట్యాంకరు. ఆవిడ గేటు దాటే వీలు లేకుండా పోయింది. పదిన్నర తర్వాత ఒక్క గంట మిగులుతుంది, ఫోన్లో చెప్పండి టీచర్ అని బతిమాలింది.

మా ఇంటి నుంచి ఆ హాస్టల్‌కి పావుగంట నడక. నేనే వెళ్ళి చెప్పొచ్చు. కాని మా గురువుగారు ఏనాడూ శిష్యుల ఇంటికి వెళ్ళి పాఠం చెప్పలేదు, నేనూ చెప్పను. విద్య కావాల్సినవాళ్ళే రావాలని నా పట్టుదల. అదేదో పెద్ద నియమమైనట్టు అందరికీ చెప్పుకునేదాన్ని కూడా. అందుకని ఫోనుకే ఒప్పుకున్నాను.

ఆవిడ పాత ఫోను స్క్రీను పగిలి ఉంది. ఒక ఆదివారం చెల్లెల్ని గేటు దగ్గర కూర్చోబెట్టి, నన్ను వెంటబెట్టుకుని నారాయణగూడలో ఫోన్ల షాపుకి వెళ్ళింది. ఆవిడ చూపు ఇరవై రెండు వేల దాని మీద పడింది. పాటల క్లాసులకని చెబితే షాపతను కూడా అదే తీసుకోమన్నాడు. వీళ్ళ సంగతి నాకు తెలియదా? మొహం కనబడి గొంతు వినబడితే చాలు, డబ్బులు ఎందుకు తగలేస్తావు అని నెత్తీ నోరూ బాదుకుని పదివేల లోపు దాన్ని కొనిపించాను. మిగిలిన డబ్బుతో హాస్టల్‌కి పెద్ద మిక్సీ కొనుక్కుంది. టీచర్ చూసి కొనిపించిన ఫోను అని వచ్చినవాళ్ళందరికీ చూపించుకుంది.

ఫోను మంచిదే. ఆ మాట ఇప్పటికీ అంటాను. హాస్టల్ ఫీజులు అందులోనే, కూరగాయల ఆర్డర్లు అందులోనే, పిల్లల ఆధార్ కార్డుల ఫొటోలు అందులోనే. రెండు రోజులకోసారి ఛార్జింగు పెడితే చాలు. ఒకసారి సాంబారు గిన్నె పక్కన పడి కూడా బతికింది.

పాఠంలో మాత్రం మొదటి వారంలోనే నాకు చిరాకు మొదలైంది. ఆవిడ వైపు నుంచి శ్రుతి వినబడదు. శ్రుతిపెట్టె లేకుండా కూర్చున్నావా అంటే, పెట్టిన టీచర్, పక్కనే మోగుతున్నది అనేది. మోగితే నాకు వినబడదా? బద్ధకించి అబద్ధమాడుతోందనుకున్నాను. తర్వాత ఇంకో జబ్బు బయటపడింది. స్వరాలు బాగానే పలుకుతాయి, సాహిత్యం శుభ్రంగా ఉంటుంది, సాగదీసి నిలబడాల్సిన చోట మాత్రం గొంతు మాయమైపోతుంది. పై షడ్జం చక్కగా అందుకుంటుంది, రెండు క్షణాలు ఉంటుంది, అంతే. నోరు తెరిచే ఉంటుంది, అందులోంచి ఏమీ రాదు.

నీకు ఊపిరి చాలడం లేదన్నాను. తెల్లవారుజామున లేచి సాధన చెయ్యమన్నాను. పెరుగు మానెయ్యమన్నాను, చల్లనీళ్ళు మానెయ్యమన్నాను. చెప్పినవన్నీ మానేసింది. నెల తిరిగినా అదే వరస. నా తల ప్రాణం తోకకొచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ ఎదురు చెప్పదు. నా దగ్గర ఎవరూ ఎదురు చెప్పరు, ఆ అలవాటు నేను చేసిందే. ఒకరోజు, ఛాతీ డాక్టరుకు చూపించుకుని ఎక్స్‌రే తీయించుకున్నానని చెప్పింది. ఊపిరితిత్తులు మంచిగున్నయన్నాడట. అయితే నీకు సాధన లేదన్నమాట అన్నాను. ఆవిడ మొహం చిన్నబోవడం ఆ చిన్న స్క్రీను మీద స్పష్టంగా కనబడింది. అయినా నేను తగ్గలేదు.

ఏటా శ్రీరామనవమికి మా సందులో పందిరి వేస్తారు. కల్యాణానికి ముందు నా శిష్యులు పాడతారు. ఈసారి తనకూ ఒక్క కీర్తన ఇమ్మని ఆవిడ రెండు నెలల ముందు నుంచీ అడుగుతోంది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ కూనిరాగం తీస్తే ఆడబిడ్డలు చెవులు మూసుకుని నవ్వేవాళ్ళట. వాళ్ళు వచ్చి ముందు వరసలో కూర్చుంటే, మైకు దగ్గర ఒక్కసారి పాడాలి. ఆవిడ ఆశ అంతే. నేను మోహన రాగంలో ఒక కీర్తన చెప్పాను. దాని పల్లవి చివర పై షడ్జం మీద ఎనిమిది లెక్కలు నిలబడాలి. అక్కడ నిలబడకపోతే ఇక ఆ పాట ఎందుకు? ఫోన్లో అది రెండు లెక్కలకే పోతుంది. విసిగి వేసారి ఒక ఉపాయం చెప్పాను. గొంతు జారిపోయేదాకా ఉండకు, రెండు లెక్కలు పట్టి నోరు మూసెయ్, కనీసం శుభ్రంగా ఉంటుంది అన్నాను. పదిహేను రోజులు ఆ ఆపడమే సాధన చేయించాను. అది బాగా వచ్చింది. అయినా నా మనసు ఒప్పలేదు. వచ్చే ఏడు చూద్దాంలే అని చెప్పి జాబితాలోంచి పేరు తీసేశాను. సరే టీచర్ అంది.

ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ ఫోను ఎత్తలేదు. నాకు లోపల గుచ్చుకోవడం మొదలైంది. పాఠానికి కాదు, పలకరింపుకి వెళ్తున్నానని నాకు నేనే నచ్చజెప్పుకుని బయలుదేరాను. హాస్టల్ మెట్లెక్కుతుంటే పైనుంచి మోహన వినబడింది. నేను చెప్పిన కీర్తనే. పల్లవి చివర గొంతు పై షడ్జం అందుకుంది. రెండు లెక్కలు దాటింది, నాలుగు దాటింది, ఎనిమిది నిండినా వణకలేదు. నేను గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఎవరో బాగా నేర్చుకున్న పిల్ల హాస్టల్లో చేరినట్టుంది, ఎవరి దగ్గర నేర్చుకుందో కనుక్కోవాలి అనుకున్నాను. తలుపులోంచి తొంగి చూస్తే ఆవిడే, నేల మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తూ పాడుకుంటోంది. నన్ను చూసి గబుక్కున ఆపేసింది.

ఏమీ చెప్పకుండా ఆవిడ ఫోను నుంచి నాకు కాల్ చేయించాను. నేను మళ్ళీ పైకొచ్చేదాకా ఆ షడ్జం ఆపొద్దని చెప్పి, నా ఫోను చెవిన పెట్టుకుని మెట్లు దిగాను. తలుపులోంచి నిండు గొంతు నా వెనకే దిగి వస్తోంది. ఫోన్లో మాత్రం రెండు క్షణాలకి అది చచ్చిపోయింది. పైకెళ్ళి, ఇక చాలు, ఇప్పుడే వస్తానని చెప్పాను.

అక్కడి నుంచి తిన్నగా నారాయణగూడ షాపుకి వెళ్ళాను. దులిపేద్దామనే వెళ్ళాను. షాపతను తాపీగా విన్నాడు.

"ఫోన్ కాల్‌ల మాట మంచిగ ఇనబడాలని పక్క సప్పుళ్ళు అది కట్ చేస్తది మేడం. ఒక్క తీరుగ సాగే సప్పుడు వస్తే ఫ్యాన్ అనుకుంటది. దీంట్ల అది బంద్ చేసుడు రాదు, అందుకే ఆ రోజు ఇంకోటి చూపించిన. మీరే వద్దన్నరు."

ఫ్యాను అనుకుందట. శ్రుతిపెట్టె ఫ్యానే, ఆవిడ షడ్జమూ ఫ్యానే. ఆ మిషనుకి సంగీతం తెలియదు, ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళు సంగీతం చెప్పినదాన్ని, నాకేమైంది? నాలుగు నెలల్లో ఒక్క రోజు ఆ పావుగంట నడిచి ఉంటే సరిపోయేది. షాపులో తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

తిరిగి వెళ్ళి ఆవిడకి చెప్పాను. తప్పు నీది కాదు, ఫోనుది, నీ ఊపిరికేం కాలేదు, నీ ఇష్టం వచ్చినంత సేపు నిలబడు అన్నాను. తలూపింది. పందిరి కమిటీవాళ్ళని బతిమాలి పేరు మళ్ళీ ఎక్కించాను. నవమి ఇంకా నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ నేనే వెళ్ళి ఆ వంటింట్లో పీట మీద కూర్చున్నాను. గురువుగారి నియమం ఏమైందని నన్నెవరూ అడగలేదు. నా ఎదురుగా పాడితే ఒకసారి గొంతు సాగేది, రెండుసార్లు ఆగిపోయేది. భయం, రెండు రోజుల్లో పోతుందిలే అనుకున్నాను.

నవమి రోజు ఆవిడ పసుపురంగు పట్టుచీర కట్టుకుని మైకు దగ్గర కూర్చుంది. ఆడబిడ్డలిద్దరూ నా వెనక వరసలోనే ఉన్నారు. పాట బాగా ఎత్తుకుంది. పందిరి అంతా మాటలు ఆపి వింటోంది. పల్లవి చివరికొచ్చింది, పై షడ్జం నిండుగా పలికింది. ఆవిడ కళ్ళు నా వైపు తిరిగాయి. పోనీ, పోనీ అని నేను చేత్తో సైగ చేస్తూనే ఉన్నాను. సరిగ్గా రెండు లెక్కలు పట్టి నోరు మూసేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడబిడ్డలు కూడా కొట్టారు. ఆ కీర్తన అక్కడ సగానికి తెగిపోయిందని అంతమందిలో నాకొక్కదానికే తెలుసు.

కల్యాణం అయ్యాక పానకం గ్లాసు పట్టుకుని వెలిగిపోతూ నా దగ్గరకొచ్చింది.

"ఈసారి మంచిగ ఆపిన గద టీచర్?"

ఎందుకు ఆపావు, ఫోనుదే తప్పని చెప్పాను కదా అన్నాను.

"నేను బాధపడతనని మీరు ఫోన్ మీదికి నెట్టిండ్రు. నాకు తెల్వదా?" అంది గ్లాసు నా చేతిలో పెడుతూ. "ఆ ఫోన్‌కేం రోగం టీచర్, మీరు చూసి కొనిపిచ్చింది."