ఇటుకల బ్యాగుకి కాపలా

వచ్చే నెల మా ఆఫీసోళ్లం కొందరం సందక్‌ఫూ అనే కొండ మీదకి ట్రెక్కింగుకి వెళ్తన్నాం. మేముండే ఖరగ్‌పూర్‌లో కొండెక్కడిది? అందుకే కొత్త బూట్లేసుకుని, ట్రెక్కింగ్ బ్యాగులో ఇటుకలు పెట్టుకుని, స్టేషన్ ఓవర్‌బ్రిడ్జి మెట్లు ఎక్కి దిగుతున్నాను. ప్రాక్టీసన్నమాట.

ఈ సాయంత్రం కింద మెట్టు దగ్గర బియ్యం సంచితో ఒక మామ్మ నిలబడుంది. నేను ఫోన్లో తెలుగు మాట్లాడ్డం విన్నట్టుంది.

"బాబూ, ఈ సంచి కూసింత పైదాకా అందుకుంటావేటి?"

"నా బ్యాగే మొయ్యలేకపోతన్నాను మామ్మా" అనీసి ఎక్కీసినాను. నిజానికి, మధ్యలో ఆగితే ప్రాక్టీసు పాడవుద్దని.

పైన ఆయాసం తీర్చుకుని మళ్లీ కిందికి తిరిగీసరికి, ఆవిడ సంచి ఈడ్చుకుంటూ అప్పుడే పైకొచ్చింది.

"ఏటి బాబూ, కింద ఏటైనా మర్సిపోనావా?"

ఊఁ అన్నాను. ఇంకేటంటాను?

"అయ్యో, మళ్లీ అంత బరువుతోనా! ఇక్కడెట్టీ. నేను సూస్తుంటాను, ఉత్త సేతుల్తో ఎల్లిరా నాయినా."

బ్యాగు దింపీసినాను. ఆవిడ నా ఇటుకల మీద చెయ్యేసి, కాపలా కూర్చుంది. నేను కిందికెళ్లి, ఏటి తెచ్చుకోవాలో తెలీక అలాగే నిలబడిపోనాను.

మీరైతే ఏటి పట్టుకుని పైకెళ్దురో చెప్పండి.