మిద్దె మీది మట్టి

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది నుంచీ మా అత్తకూ నాకూ ఏటా ఒకటే పోట్లాట, మిద్దె మీది మట్టి గురించి. నారాయణఖేడ్ పాత ఊళ్లో మాది రాతి గోడల ఇల్లు. టేకు దూలాలు, వాటి మీద చెక్కలు, ఆ చెక్కల మీద మట్టి. మృగశిర కార్తె రాకముందే చౌడు మట్టి తెప్పించి, మిద్దెంతా పరిచి, నీళ్లు చల్లి చదును చేయాలి. అలా చేస్తేనే వాన కారదు. అత్త ఆ పని ఎవరికీ వదిలేది కాదు. కొంగు నడుముకు దోపి నిచ్చెన ఎక్కేది. తట్టలు అందించడం నా వంతు. ఆ పని జరిగినన్నాళ్లూ తినే అన్నంలో కూడా మట్టే.

మా గల్లీలో పాత ఇళ్లు ఒక్కొక్కటే పోయి స్లాబులు లేచాయి. మాది మిగలడం చూసి ఒకసారి హైదరాబాద్ నుంచి పాత కట్టడాలంటే ప్రేమ ఉన్నవాళ్లు కొందరు వచ్చారు. తలుపు మీది చెక్కడాలు నిమిరారు, ఫొటోలు తీశారు, "ఇది మనందరి ఆస్తి, ఏమీ మార్చకండి" అన్నారు. చాయ్ తాగి వెళ్లిపోయారు. అందరి ఆస్తి అయితే తట్టలు నేనొక్కదాన్నే ఎందుకు మోస్తున్నానని నాకు ఒళ్లు మండింది.

నిరుడు ఎండాకాలం చివర నడిమి గదిలో దూలం ఫట్‌మంది. చూస్తే వంగిపోయి, మధ్యలో పగులు. సరిగ్గా దాని కిందే అత్త మంచం. మా ఆయన దూలం కింద గుంజ నిలబెట్టి బిగించాడు. చూడటానికి వచ్చిన ఇంజినీరు "వానలకు ముందే కూలగొట్టండి, ఇది ఆగదు" అని తేల్చేశాడు. మా ఆయన సరేనన్నాడు. అత్త మాత్రం మంచం దిగలేదు.

"కూలితే నా మీదనే కూలనీ. నేనెక్కడికీ పోను."

"ఏం మాటలు అత్తమ్మా గవి? మబ్బు పట్టినప్పుడల్లా నా పానం పోతున్నది" అని అరిచాను.

నాగల్‌గిద్ద వైపు ఆకాశం నల్లబడితే చాలు, ఆమెను చెయ్యి పట్టి వాకిట్లోకి లాక్కొచ్చేదాన్ని. ఆమె తిట్టేది, నేనూ తిట్టేదాన్ని.

కూల్చడానికి కూలీలను కూడా మాట్లాడాం. మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు దించుదామని ఎక్కాను. పగులు పైనుంచి కనిపిస్తుందేమోనని దూలం ఉన్నచోట గడ్డపారతో తవ్వాను. చెక్క తగలదే! మోకాలి లోతు పోయాక గానీ తగల్లేదు. గుంత అంచున జొన్నరొట్టెలు దొంతి పెట్టినట్టు పొర మీద పొర, ఏటికొక పొర. అత్త, ఆమె అత్త, ఆ పై అత్త, అందరూ కప్పినవాళ్లే. పాతది తీయాలని ఒక్కరికీ తట్టలేదు, నాతో సహా. ఇంటిని కాపాడుతున్నామనుకుంటూ దాని నెత్తిన ఇంత బరువు పెట్టాం.

మా ఆయనకు గుంత చూపించి, ముందు ఈ బరువు దించి చూద్దామన్నాను. కూల్చడానికి వచ్చిన కూలీలే మట్టి తోడారు. ట్రాక్టరు వస్తూ పోతూనే ఉంది. ఎండ తిరిగే వేళకు లోపలి నుంచి మా ఆయన కేక: "జల్దీ రా! గుంజ కదులుతున్నది!"

పరుగెత్తి చూస్తే, బిగించిన గుంజకూ దూలానికీ మధ్య వేలు దూరేంత సందు. బరువు దిగేసరికి దూలం పైకి లేచింది. గోడకు ఆనుకుని ఏడ్చేశాను. ఇంజినీరును మళ్లీ పిలిస్తే, ఇనుప పట్టీలు వేసి బిగిస్తే ఉంటుందన్నాడు.

అన్నీ దక్కలేదు. వెనక గదుల చెక్కలను చెదలు తినేశాయి, పడగొట్టక తప్పలేదు. మిగిలిన దానిపై మట్టికి బదులు రేకులు వేయించాం. అందంగా లేవు. ఫొటోలవాళ్లు మళ్లీ వస్తే మొహం చిట్లిస్తారు. చిట్లించనీ.

వాకిట్లో మిగిలిన మట్టికుప్ప ముందు అత్త చాలాసేపు నిలబడింది.

"గిదంత నేనే ఎక్కించిన్నా?"

దెప్పడానికి ఇంతకన్నా అదను దొరకదు.

"నువ్వొక్కదానివే గాదు అత్తమ్మా. తట్టలు నేనే అందిచ్చిన గద."

ఆమె నవ్వింది. "ఇగ ఎక్కుడు లేదు పో. నా మోకాళ్లు బతికినయ్."

ఆ వారమే వాన దంచికొట్టింది. రేకుల చప్పుడుకు మాట వినిపించడం లేదు. అలవాటు కొద్దీ చెయ్యి పట్టి లాగడానికి నడిమి గదిలోకి పరుగెత్తాను. దూలం కింద, తన మంచం మీద, అత్త నోరు తెరిచి నిద్రపోతోంది. ఆమెను కాస్త పక్కకు జరిపి నేనూ అక్కడే పడుకున్నాను.