నలభై ఒక్క సలహాల కురమోచి

మత్సుమోతో నగర పౌరభవనం మూడో అంతస్తులోని చిన్న గదిలో నెలకొక ఆదివారం మధ్యాహ్నం అంతరిక్షయాత్ర ఆట ఆడుకునే సంఘం ఒకటి ఉంది. దాని పెద్ద కురమోచి సేయిజీ గురించి మూడు మాటలు ప్రచారంలో ఉన్నాయి. కొత్తవాళ్ల మీద ప్రేమతో ఆయన సలహాల పత్రం రాశాడన్నది మొదటిది. ఆ పత్రంతోనే కొత్తవాళ్లను తరిమేశాడన్నది రెండోది. బడి వంటశాల నుంచి వచ్చిన ఒకామె ఆయన నోరు మూయించిందన్నది మూడోది. మూడూ తప్పే. మొదటి మాట అన్నవాళ్లు పత్రం చదవలేదు. రెండో మాట అన్నవాళ్లు మొదటి పేజీ దాటలేదు. మూడో మాట అన్నవాళ్లు ఆ రోజు ఆ గదిలో లేరు.

కురమోచి ఉద్యోగం నీటి మీటర్లు చూడటం. యాభై రెండేళ్ల ఆ మనిషి వారమంతా పరాయి ఇళ్ల ముందు వంగి అంకెలు రాసుకునేవాడు, నెలకొక ఆదివారం నక్షత్రాల మధ్యకు వెళ్లేవాడు. అందుకు కావలసింది ఒక బల్ల, నాలుగు పెన్సిళ్లు, గుప్పెడు పాచికలు. ఒకరు నిర్వాహకుడై పరిస్థితి చెబుతారు. తక్కినవారు నౌకలోని మనుషులై తామేం చేస్తారో చెబుతారు. సందేహం వచ్చినచోట పాచికలు తేలుస్తాయి. అలా తొమ్మిదేళ్లు కురమోచి ఒకే నావికుడి పాత్ర ఆడాడు. ఆరేళ్ల కిందట కథలో నౌకకు మంటలు అంటుకున్నప్పుడు, ఇంజన్ చూసుకునే పాత్రలో ఉన్న నిరసావా ఎవరినీ అడగకుండా బయటి తలుపు తెరిచాడు. గాలి పోయింది, మంట ఆరింది. తలుపు పక్కనే ఉన్న నావికుడూ పోయాడు. మంట ఆర్పడానికి అది సరైన ఉపాయమే. అడగడానికి వ్యవధి ఉండిందన్నదీ అంతే నిజం.

"పర్లేదండీ, ఆటే కదా," అన్నాడు కురమోచి, కుర్చీలు సర్దుతూ.

పర్లేదన్న ఆ మనిషి ఇంటికి వెళ్లి, 'తొలిసారి ఆడేవారికి సలహాలు' అని శీర్షిక పెట్టి ఒక వాక్యం రాశాడు: నలుగురినీ అడగనిదే బయటి తలుపు తెరవరాదు. ఆ నెల కొత్తవాళ్లెవరూ రాలేదు కనుక దాన్ని శ్రద్ధగా చదివింది నిరసావా ఒక్కడే. మరుసటి నెల రెండో సలహా అతని చేతిరాతలో చేరింది: చనిపోయిన పాత్ర కోసం ఒక పూటకు మించి దుఃఖించరాదు.

ఇద్దరూ పెద్దమనుషులు. ఒకరి ముఖం మీద ఒకరు ఒక్క మాట అనరు. అనవలసినదంతా, ఇంకా రాని కొత్తవాడి పేర రాసుకున్నారు. నిర్వాహకుడు తోబె మందుల దుకాణం యజమాని. నిర్వాహకుడికి భౌతికశాస్త్రం బోధించరాదని ఆయన పదిహేడో సలహా రాశాడు. అవతలివాళ్లు మాట్లాడుతుండగా సెంబెయ్ అనే బియ్యప్పిండి బిళ్లలు కరకర నమలరాదన్నది తపాలా గుమాస్తా ఒకి వంతు. ఆరేళ్లలో సలహాలు నలభై ఒకటయ్యాయి. ఆ కాలంలో నిజంగా వచ్చిన కొత్తవాళ్లు ముగ్గురు. వారిలో ఇద్దరు బదిలీ మీద వెళ్లిపోయారు, ఒకరికి ఆదివారం పని పడింది. పత్రం చూసి పారిపోయారనడానికి ఆధారం లేదు.

అలా వెళ్లినవారిలో ఆఖరివాడి బదిలీ ఈ మార్చిలోనే జరిగింది. దానితో సంఘంలో నలుగురే మిగిలారు. అయిదు పేర్లు లేని సంఘానికి పౌరభవనం గది ఇవ్వదు. దరఖాస్తు ఏప్రిల్ ఆట జరిగే ఆదివారమే అయిదు గంటలలోపు కింద కార్యాలయంలో ఇవ్వాలి. అయిదో గీత ఖాళీగా ఉంది. ఆ గది పోతే కురమోచికి నెలలో ఆ ఒక్క ఆదివారమూ పోయినట్టే.

ఆ మధ్యాహ్నం హాగా తమాయె కింది బోర్డు మీద సంఘం పెట్టిన ప్రకటన చూసి పైకి వచ్చింది. బడి వంటశాలలో రోజూ నాలుగు వందలమంది పిల్లలకు వండే మనిషి ఆమె. కురమోచి రెండు చేతులతో పత్రం అందించాడు.

"నలభై ఒకటా? నాలుగు వందలమందికి వండే మా వంటశాలకే ఇరవై ఆరున్నాయండీ."

"అవన్నీ గుర్తుండక్కర్లేదండీ," అన్నాడు తోబె. "మీ పాత్రకి ఏం కావాలో ఒక్కటి అనుకోండి. తెలీంది అడగండి. అంతే."

"మరి ఇదంతా ఎందుకు రాశారు?"

ఒకి లేచి అందరికీ టీ పోశాడు.

ఆమె నౌకలో వంటమనిషి అయింది. నాలుగు దాటాక తోబె గొంతు తగ్గించి చెప్పాడు: "బయటి తలుపు ఎవరో తడుతున్నారు. దారి తప్పిన మనిషి. అతని దగ్గరున్న గాలి ఇంకో మూడు వంతుల ఆటకే సరిపోతుంది. ఇప్పుడు మీ వంతు, హాగాగారూ."

ఆమె పత్రం మొదటి వాక్యం మీద వేలు పెట్టింది. "తెరవమంటారా?"

"మీ ఇష్టమండీ," అన్నాడు కురమోచి.

"మీరెలా అంటే అలా," అన్నాడు నిరసావా.

"నాకేం అభ్యంతరం లేదండీ," అన్నాడు ఒకి.

"అంటే తెరవమనా, వద్దనా?"

"అంటే... మీకెలా తోస్తే అలా," అన్నాడు ఒకి మళ్లీ.

రెండు వంతులు ఇలాగే పోయాయి.

"బయట మనిషి ఊపిరాడక చస్తున్నాడు, మీరేమో మర్యాదలు చేసుకుంటున్నారు," అంది హాగా. పత్రం తిరగేసి వెనక కూడా చూసింది. "మా దగ్గర ప్రతి నియమం కిందా అది ఎవరి పొరపాటుతో వచ్చిందో రాసి ఉంటుందండీ. పదకొండోది, మొలకలు తీయకుండా బంగాళాదుంపలు వండకూడదని. దాని కింద నా పేరే ఉంది. ఈ మొదటిది ఎవరి వల్ల వచ్చింది?"

తోబె పాచికల వైపు చూశాడు. నాలుగున్నర గంట మోగింది. ఊరికే రాశానండీ అనడం కురమోచికి తేలిక. ఆరేళ్లుగా ఆయన అంటున్నది అదే. మరోసారి అంటే ఈవిడ వంగి నమస్కరించి, బూట్లు వేసుకుని వెళ్లిపోతుంది. అయిదో గీత అలాగే ఉండిపోతుంది.

"నిరసావాగారి వల్లండీ," అన్నాడు. "ఆరేళ్ల కిందట ఆయన తెరిచినప్పుడు తలుపు దగ్గరున్నది నేను." తరువాత, ఇరవై ఏళ్ల పరిచయంలో మొదటిసారి, నిరసావా వైపు నేరుగా తిరిగాడు. "మీరు నన్ను అడగాల్సింది. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది."

నిరసావా చెవులు ఎర్రబడ్డాయి. "తెలుసండీ. మొదటి సలహా చదివిన రోజే తెలిసింది. అడిగితే మీరు వద్దంటారని భయపడ్డాను."

"అనేవాణ్ణే."

"అందుకే అడగలేదు."

"అది ఇంకా ఘోరం."

"ఘోరమేనండీ. క్షమించండి."

"దీనికి ఆరేళ్లా?" అంది హాగా. "మా దగ్గరైతే పిల్లల అన్నం గంట కొట్టేలోపే తేలిపోయేది. సరే, ఇప్పుడు తెరవనా?"

"తెరవండి," అన్నారు ఇద్దరూ.

పాచికలు తొమ్మిది చూపాయి. బయటి మనిషి బతికాడు. అయిదుకు పది నిమిషాల ముందు హాగా తమాయె అయిదో గీత మీద పేరు రాసింది. కురమోచి ఆ కాగితం పట్టుకుని, బూట్లు మార్చుకోకుండా, గదిలో వేసుకునే చెప్పులతోనే మూడంతస్తుల మెట్లు దిగాడు.

ఆధారాలను బట్టి తేలేది ఇది. కురమోచి కొత్తవాళ్లకు సలహా ఇవ్వలేదు. ఆ గదిలో పనికివచ్చే సలహా ఇచ్చింది తోబె, అదీ మూడు మాటల్లో. కురమోచి ఎవరినీ తరమలేదు. ఆయన నోరు ఎవరూ మూయించలేదు. నిజానికి ఆ రోజు దాన్ని తెరిపించారు. ఆరేళ్ల కిందట కుర్చీలు సర్దుతూ అనవలసిన మాటను ఆయన గడువుకు అరగంట ముందు అన్నాడు. చేసింది అంతే.