ట్రాక్టర్ బొమ్మ ఉన్న నంబరు

ఆత్మకూరు నుంచి వచ్చే బస్సులో ఒక చదువురాని ఆమెకు ఫోను వాడటం నేర్పానని చాలామందికి గొప్పగా చెప్పాను. జరిగింది అది కాదు.

కూతురికి నొప్పులు మొదలయ్యాయని ఆమె వనపర్తికి వెళ్తోంది. ఆశా వర్కర్ నంబరు రాసిన చీటీ, తన ఫోను నా చేతికిచ్చింది.

"జర ఇది ఎక్కియ్యి సారు. సూది బొమ్మ పెట్టు."

ఆమె ఫోనులో పేర్లే లేవు. అక్కకు కోడి, అల్లుడికి ట్రాక్టర్, కూతురికి పువ్వు. అట్లాంటివి పది దాకా ఉన్నాయి. నేను లైబ్రరీలో పనిచేస్తాను. అక్షర క్రమంలో లేనిదేదైనా నాకు చిందరవందరగానే కనిపిస్తుంది. నవ్వాను.

"నవ్వుతవేంది సారు? బొమ్మ సూస్తే మనిషి యాదికొస్తడు. నీ అచ్చరాలు సూస్తే ఏం యాదికొస్తది?"

అయినా ఒక్కొక్కరి పేరూ అడిగాను. ఆమె రోడ్డు వైపు చూస్తూ పరధ్యానంగా చెప్పింది. బొమ్మలన్నీ తీసేసి పేర్లు టైపు చేశాను. వనపర్తి రాగానే ఆమె ఫోను తీసుకుని గబగబా దిగింది. మరుక్షణమే నా కిటికీ కిందికి పరుగెత్తుకొచ్చింది.

"ట్రాక్టర్ యాడ పోయింది సారు? బిడ్డను ఏ దవాఖానకు తోల్కపోయిండో అల్లున్ని అడగాలె!"

బస్సు నాగర్‌కర్నూల్ వైపు కదిలింది.

"మూడోది నొక్కమ్మా!" అని అరిచాను.

ఆమె వేలితో లెక్కపెట్టడం కనిపించింది. ఆపమంటే కండక్టర్ ఆపేవాడే. నేను అడగలేదు. మూడోది ఎవరి పేరో నాకే గుర్తులేదు.