డజను బెల్టుల గ్రైండరు

ఇరవయ్యొక్కేళ్ళ వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు. నాకైతే ఆ రోజుల్లో, బీకాం సర్టిఫికెట్టు చేతికొచ్చిన మర్నాటి నుంచే లోకంలోని లెక్కలన్నీ తప్పుల తడకలుగా కనిపించేవి. రోజూ రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్ళి, వెట్ గ్రైండర్లు బిగించి అమ్మే దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. యజమానిని బజారంతా బాబాయిగారనేది, నేనూ అలాగే అనేదాన్ని. కొత్తగా కొన్న అకౌంట్ల సాఫ్ట్‌వేరులో మోటారు, రాళ్ళు, డ్రమ్ము, బెల్టు, బోల్టులు ధరలతో సహా ఎక్కిస్తే, బిగించిన గ్రైండరు మనకెంత పడిందో అదే తేల్చి చెబుతుంది. రెండు రోజులు కూర్చుని ఎక్కించాను (ఎంత గర్వంగానో!). తేలిన అంకె చూసి లేచి నిలబడ్డాను.

"బాబాయిగారూ, బాపట్ల షాపుకి ఇరవై గ్రైండర్లు ఒప్పుకున్నారే, ఒక్కోదానికి మనమే రెండొందలు ఎదురు ఇస్తున్నామండి!"

"ఏంటమ్మాయ్? నేను ముప్పయ్యేళ్ళ నుంచి అమ్ముతున్నా. నీ డబ్బా మొన్నొచ్చింది. ఆ అంకె మార్చు."

"మార్చనండి. కావాలంటే ఉద్యోగం మానేస్తాను." (నెల జీతం ఇంకా అందలేదన్న సంగతి అన్న తర్వాత గుర్తొచ్చింది.) అంతటితో ఆగానా? ఒక గ్రైండరు అందరి ముందూ విప్పించమన్నాను. బిగించే మేస్త్రి ఒక్కో సామాను తీసి నేల మీద పెడుతుంటే, నేను జాబితా పెద్దగా చదువుతూ టిక్కులు పెట్టాను.

"బెల్టు, నాలుగొందల ఎనభై!"

మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. "బెల్టు నలభయ్యేనమ్మా. అది డజను ప్యాకెట్టు ధర."

దుకాణమంతా ఘొల్లుమంది. బాబాయిగారు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, "అంటే రెండొందల నలభై లాభమేగా, ఇక కూర్చో" అన్నారు. నా చెవులు కాలిపోతున్నాయి. అయినా కూర్చోలేదు. "సరేనండి. మరి బిగించినందుకు మేస్త్రిగారి కూలి ఏదండి? రాళ్ళు తెచ్చిన లారీ కిరాయి ఏదండి? అవి నా జాబితాలో లేవు, మీ నోటి లెక్కలోనూ లేవు."

నవ్వులు ఆగాయి. ఆయనే కాగితం తీసుకుని, మేస్త్రి జీతాన్నీ కిరాయినీ గ్రైండర్లకు పంచి చూశారు. ఒక్కోదానికి రెండొందలు. మిగిలేది నలభై. కాసేపు నా వంక, కాసేపు ఆ విప్పిన సామాను వంక చూసి, బాపట్లకు ఫోన్ కలిపారు.

"ధర కాస్త పెంచాలండి. నాదేం లేదు, మా అమ్మాయి ఒప్పుకోవట్లేదు."

ఇప్పుడు నేను నలుగురి లెక్కలు చూసిపెడుతుంటాను. ప్రతి అంకె మూడుసార్లు సరిచూసుకుని, "ఒకసారి చూడండి" అని మెత్తగా చెబుతాను. తప్పులు బాగా తగ్గాయి. తప్పు బయటపడి అందరూ నవ్వుతుండగానే తలెత్తి ఇంకో ప్రశ్న వేసిన ఆ పిల్ల పొగరు మాత్రం నాలో ఇప్పుడు వెతికినా దొరకదు. గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.